చదివి వినిపించగా

కొండలెక్కే సరదా నాకెప్పుడూ లేదు. యాభై రెండో ఏట, రెండు మోకాళ్ళూ కలుక్కుమంటుంటే, మే నెల ఎండలో రాచగుట్ట శిఖరం దాకా ఎక్కి, అక్కడ ఏమీ లేదని రాసుకు రమ్మంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? నాకు మామూలుగానే కోపం ఎక్కువ. ఆ పొద్దున టిఫిన్ గిన్నె మూత సరిగ్గా పట్టలేదని మా ఆవిడ ప్రమీలారాణి మీద ఎగిరాను. "గుట్ట మీద కోపం గుట్ట దగ్గరే చూపించండి, నా మూతేం చేసింది?" అంది ఆవిడ.

ఇది ఎనభై ఎనిమిది నాటి మాట. నేనప్పుడు భద్రాచలంలో అడవి ఆఫీసులో సీనియర్ గుమాస్తాని. రాచగుట్ట పర్ణశాల దాటాక, అభయారణ్యం హద్దు లోపల ఉంటుంది. దాని కింద ఇప్పలగూడెం. ఆ గూడెంలో భీమక్క అని ఒక కోయ ముసలామె. ఏడాదికోసారి ఎవరినో బతిమాలి రాయించుకుని మా ఆఫీసుకు అర్జీ పంపేది. అర్జీ అంతా ఒకటే వాక్యం. "మా మెట్ట మాకు ఇప్పించగలరు."

అలాంటివి ఆరు వచ్చాయి. ఆరోదాని మీద మా అధికారి జకర్యా గారు నా పేరు రాశారు. "మీరే వెళ్ళి చూసి రండి నారాయణ గారూ. ఆ గుట్ట మీద మెట్ట సాగు ఉందో లేదో రాయండి. లేదంటే ఫైలు మూసేద్దాం, ఇక ఆమె అర్జీ తీసుకోనక్కర్లేదు," అన్నారు. నన్నే పంపడానికి కారణం ఉంది. అభయారణ్యం చెయ్యకముందు, డెబ్భై తొమ్మిదిలో, అడవిలో ఎవరికి ఏం హక్కులున్నాయో విచారణ చేశారు. అప్పుడు గూడేల్లో కూర్చుని వాంగ్మూలాలు రాసుకున్నది నేను. భీమక్క వాంగ్మూలం కూడా నా చేతి రాతే. గుట్ట మీద తనకు మెట్ట భూమి ఉందని చెప్పింది, రాశాను. తరవాత పైవాళ్ళు చూస్తే అక్కడ చాలు దున్నిన జాడ లేదు. హక్కు లేదని కొట్టేశారు. ఇందులో తగువేముంది?

మెట్ట అంటే ఏమిటో నాకొకరు చెప్పాలా? మాది బోనకల్. మా తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నవాడు. మా ఇంట్లో పొద్దున లేస్తే మాగాణి గొడవ, సాయంత్రమైతే మెట్ట గొడవ. నీళ్ళు పారేది మాగాణి, వాన కోసం మొహం వాచి చూసేది మెట్ట. జొన్న, కంది, మిరప. ముసలిది లేని చేను కోసం ఏళ్ళ తరబడి సతాయిస్తోందని నా నమ్మకం. పైగా హద్దు దాటి గుట్టెక్కుతూ మూడుసార్లు పట్టుబడిందని కూడా ఫైల్లో ఉంది.

ఇప్పలగూడెంలో గార్డు రూప్లా ఎదురొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ లంబాడా మనిషి, సరదా మనిషి, ఆ ఎండలో కూడా నవ్వగలడు. అతని వెనక భీమక్క. సన్నగా, నిటారుగా ఉంది. భుజానికి నీళ్ళ సొరబుర్ర, నడుముకు ఏదో మూట. కాళ్ళకు చెప్పుల్లేవు.

"వచ్చినవా సారూ?" అంది, నిన్ననే చూసినట్టు. "గప్పుడు నీ మీసం నల్లగుండె."

"నువ్వేమైనా పడుచుపిల్లవా ఇప్పుడు?" అన్నాను. రూప్లా పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

గూడెం దాటి అర మైలు నడిచాక తెల్లరంగు వేసిన హద్దురాయి వచ్చింది. అక్కడిదాకా మా ముందు చకచకా నడిచిన మనిషి, రాయి దగ్గర టక్కున ఆగిపోయింది.

"ఏందవ్వా, నడువు," అన్నాడు రూప్లా.

"నడిస్తే కేసు రాస్తవ్."

"నేనెందుకు రాస్త? సార్ ఉన్నడు గద."

ఆమె నా వైపు చూసింది. "నువ్వు రమ్మంటున్నవా సారూ? తర్వాత రమ్మనలే అంటే?"

"రమ్మంటున్నాను తల్లీ, రా!" అని అరిచాను. ఎండ మాడ్చేస్తోంది, ఈమెకు నా దగ్గర పూచీ కావలసి వచ్చింది. ఆమె రాయిని కాలితో తాకకుండా, పక్కనుంచి జాగ్రత్తగా దాటింది.

ఇక గుట్ట మొదలైంది. మొదట తునికి పొదలు, ఆ తరవాత వెదురు, ఆ తరవాత మద్దిచెట్లు. తోవ అంటూ లేదు. ఆమె పాదాలకే తెలుసు. వంద అడుగులకోసారి నేను ఆగేవాణ్ణి. నేను ఆగినప్పుడల్లా ఆమె పైన ఏ బండ మీదో కూర్చుని చెట్లకేసి చూస్తూ ఉండేది. ఒకచోట ఎలుగు తవ్విన పుట్ట చూపించి, "నిన్నటిది," అంది. ఆ మాటతో నా మోకాళ్ళ నొప్పి కాసేపు మాయమైంది, గబగబా వాళ్ళ దగ్గరికి చేరాను.

నడిమిట్లో ఒక పెద్ద మద్ది కింద తిండికి ఆగాం. ప్రమీలారాణి పులిహోర పెట్టి, దాని పైన మామిడిపండు ముక్కలు కోసి పెట్టింది. రూప్లాకు ఇచ్చాను. భీమక్కకు రెండు ముక్కలు ఆకులో పెట్టి ఇవ్వబోతే ఆమె మొహం తిప్పుకుంది.

"నాకొద్దు సారూ."

"ఏం, మా ఇంటి పండు పనికిరాదా?"

"పండు మంచిదే. నేను తినొద్దు."

నాకు చురుక్కుమంది. మనం ఇంత దూరం వచ్చింది ఈమె కోసం, పెట్టింది తీసుకోదు. ఆ విసురు మీదే సంచిలోంచి ఆమె పాత వాంగ్మూలం కాగితం తీశాను.

"సరేగానీ, నీ మెట్ట ఇంకెంత దూరం?"

ఆమె తెల్లబోయింది. "మెట్ట మీదనే ఉన్నవ్ గద సారూ."

చుట్టూ చూశాను. బండలు, ఎండిన వెదురు, ఏటవాలు. నిలబడితే జారేట్టుంది. "ఇది మెట్టా? ఇక్కడేం పండిస్తావు, రాళ్ళా?"

"మెట్ట మీద పండిచ్చుడేంది? ఎవరు పండిస్తరు?"

"నువ్వే కదా చెప్పావు! తొమ్మిదేళ్ళ కింద నా ముందు కూర్చుని, మా మెట్ట మాకు కావాలి అని నువ్వు కాదూ చెప్పింది?"

"అవ్. మెట్ట గావాలన్న. మెట్టకు పోవాలె, మా తోవ మూయకున్రి అన్న. గిప్పుడు గూడ గదే అంటున్న."

"అదే ఎక్కడుందమ్మా తల్లీ అని అడుగుతున్నాను!"

"నువ్వు నిలబడ్డది దేని మీద మరి?"

నా గొంతు ఆ అడవంతా వినబడి ఉంటుంది. ఆమె కూడా తగ్గలేదు. రూప్లా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముందు నవ్వాడు, తరవాత నవ్వు ఆపేశాడు.

"సార్," అన్నాడు మెల్లగా. "కోయోళ్ళ మాటల మెట్ట అంటే చేను గాదు సార్. గుట్ట. గీ గుట్టనే మెట్ట అంటరు."

చేతిలో కాగితం మీద నా పాత రాత నాకే కనిపిస్తోంది. *రిజర్వు లోపల తనకు మెట్ట భూమి కలదనియు, సాగు నిమిత్తం హక్కు కోరుచున్నదనియు.* సాగు అన్న మాట ఆమె అననే లేదు. మెట్ట అనగానే మా బోనకల్ చేలు నా కళ్ళముందుకొచ్చాయి, మిగతాది నేనే కల్పించేశాను. ఆమె అడిగింది కొండకు పోయే తోవ. నేను రాసింది చేను. లేని చేను కోసం వెతికారు, దొరకలేదు, కొట్టేశారు. తోవ సంగతి ఎవరి కాగితంలోనూ లేదు కాబట్టి మూసేశారు.

"ఏమైంది సారూ?" అంది భీమక్క.

"ఏమీ లేదు, నడువు," అన్నాను. అప్పుడు నేను కూర్చునే ఉంటే మళ్ళీ లేవలేకపోయేవాణ్ణి.

శిఖరం మీద చదునైన బండ ఒకటి. ఎండాకాలం గోదావరి దూరంగా తెల్లని ఇసక, దాని మధ్య సన్నని నీళ్ళు. బండ చివర ఒక చిన్న చెట్టు, దాని మొదట్లో మోకాలెత్తు నల్లరాయి. చుట్టూ తొమ్మిదేళ్ళ ఆకులు పేరుకుని ఉన్నాయి. భీమక్క చేతులతో ఆ ఆకులన్నీ తోసేసింది. రాయి మీద సొరబుర్రలో నీళ్ళు పోసి తుడిచింది. మూట విప్పింది. అందులో అడవి మామిడికాయలు, చిన్నవి, పసుపు తిరుగుతున్నవి. వాటిని రాయి ముందు పెట్టి, కోయలో ఏదో చెప్పింది. చెప్పడం చాలాసేపు సాగింది. ఒకసారి మా వైపు చెయ్యి చూపించింది. మా గురించి ఏం చెబుతోందో అని నాకు భయం వేసింది, నిజం చెబుతున్నాను.

అయ్యాక అడిగాను. "ఏం చేశావమ్మా?"

"కొత్త కాయ చూపిచ్చిన. ఏటేటా కొత్త మామిడి ముందుగాల గీడ చూపియ్యాలె. చూపిచ్చినంకనే మేం తినాలె. తోవ మూసినంక గూడెమోళ్ళు కిందనే రాయి వెట్టుకున్నరు. ఆడ చూపిస్తరు, తింటరు. వాళ్ళనేమంటం? నాకు మనసొప్పలే. చూపిచ్చే పని మా ఇంటోళ్ళది."

"అంటే ఇన్నేళ్ళూ నువ్వు మామిడిపండే తినలేదా?"

"నేను తినకపోతే ఏం బోయింది, ముసల్దాన్ని. నా మనుమరాలికి ఎనిమిదేండ్లు. బడికి పోతది. తోటి పిల్లలు తింటుంటే సూస్కుంట నిలవడ్తది. దానికి ఆ రుచి ఏందో తెల్వదు సారూ."

సిగ్గేసింది. నాకు కోపం వచ్చినంత సులువుగా సిగ్గు రాదు, కానీ ఆ రోజు వచ్చింది, చెవులు కాలిపోయేంత వచ్చింది. కింద మద్దిచెట్టు దగ్గర నేను ఆమె చేతిలో పెట్టబోయిన ముక్కలు, మా ఇంటి పండు పనికిరాదా అన్న నా మాట, అన్నీ గుర్తొచ్చాయి.

దిగేటప్పుడు భీమక్క ముందు నడుస్తుంటే రూప్లా నా పక్కకు వచ్చాడు.

"రిపోర్టుల ఏం రాస్తరు సార్?"

"ఏం రాయాలంటావు?"

"మీరు సూడనీకె వచ్చింది సాగు ఉన్నదా లేదా అని. సాగు లేదు. గదే రాసిన్రనుకోండి, అబద్ధం గూడ గాదు." వాడు నాకు సాయం చెయ్యాలనే అన్నాడు. నాకు ప్రమోషన్ దగ్గరపడిన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

మర్నాడు ఆఫీసులో కూర్చుని ఆ వాక్యమే ముందు రాశాను. *సదరు స్థలమునందు మెట్ట సాగు లేదు.* ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఒక్క వాక్యంతో భీమక్క అర్జీలన్నీ శాశ్వతంగా మూతపడతాయి. చింపేశాను. కోయ మాటకు తెలుగు అర్థం తీసుకోవడం వల్ల పొరపాటు జరిగిందని, ఆమె కోరింది కొండ మీదికి తోవ అని ఇంకో కాగితం రాసి జకర్యా గారి దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన నిదానంగా చదివారు. మంచి మనిషి. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ రూల్సు పుస్తకానికి. "ఎవరికైనా జరుగుతుంది నారాయణ గారూ. మాట తెలియక జరిగింది. దీనికి మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు," అన్నారు. తరవాత పాత వాంగ్మూలం తీసి నా ముందు పెట్టి, అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టారు. "కానీ దీన్నేం చేస్తాం?"

*చదివి వినిపించగా సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినది.*

"మీరు రాసింది ఆమెకు చదివి వినిపించారు. సాగు, భూమి, అన్నీ విన్నది. సరే అని వేలిముద్ర వేసింది. అలాంటప్పుడు ఇది ఆమె మాటే, మీ పొరపాటు కాదు. తిరగదోడడానికి నాకు అధికారం లేదు." ఆయన కళ్ళద్దాలు తీశారు. "వినిపించారు కదా?"

నేను నోరు తెరవబోయాను.

"తొందరపడకండి. మాట పొరపాటు వేరు, ఇది వేరు. వినిపించలేదంటే తప్పుడు రికార్డు రాసినట్టు. వచ్చే నెల సూపరింటెండెంట్ల ప్రమోషన్ లిస్టు. రేపు చెప్పండి."

వినిపించలేదని ఆయనకు తెలుసు. గుమాస్తా అన్నవాడికెవడికి తెలియదు? పదకొండు రోజుల్లో నూట నలభై మూడు వాంగ్మూలాలు. ఒక్కొక్కటీ చదివి వినిపిస్తూ కూర్చుంటే ఆ వేసవి అంతా అడవిలోనే గడిచేది. నేనింకా చురుకైనవాణ్ణి కాబట్టి, పొద్దున్నే తెల్లకాగితాలు పేర్చుకుని, ఆ చివరి వాక్యాన్ని అన్నిటి అడుగునా ముందే రాసిపెట్టుకునేవాణ్ణి. మనిషి వచ్చి కూర్చునేసరికే, అతనికి చదివి వినిపించడం, అతను ఒప్పుకోవడం అయిపోయి ఉండేవి. త్వరగా పని పూర్తిచేశానని అప్పుడు మెచ్చుకున్నారు కూడా.

ఆ రోజు ఇంటికి వెళ్ళి, చొక్కా గుండీ ఊడిందని అరిచాను, కాఫీ చల్లారిందని అరిచాను. ప్రమీలారాణి వచ్చి ఎదురుగా కూర్చుంది. "అసలు ఎవరి మీద మీకు కోపం?" అంది. అప్పుడు చెప్పాను, మొత్తం. ఆవిడ అంతా విని, "లిస్టులో పేరు రాకపోతే ఏమవుతుంది?" అంది. "ఏమవుతుంది, గుమాస్తాగానే రిటైరవుతాను," అన్నాను. "ఇప్పుడు మాత్రం మీరేం కలెక్టరు?" అని లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో అంత తేలిగ్గా నన్ను ఆవిడ ఎప్పుడూ ఓడించలేదు.

మర్నాడు కాగితానికి రెండు వాక్యాలు చేర్చాను. *సదరు వాంగ్మూలమును నేను ఆమెకు చదివి వినిపించలేదు. వినిపించినట్లు నేను వ్రాసినది నిజము కాదు.* సంతకం పెట్టాను. జకర్యా గారు చదివి, ముద్ర వేశారు.

ఛార్జి మెమో వచ్చింది. లిస్టు వచ్చింది, అందులో నా పేరు రాలేదు. ఆఫీసులో కొందరు నన్ను చూసి జాలిపడ్డారు, కొందరు నాకు పిచ్చి అన్నారు. శ్రావణంలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. భీమక్క పాత వాంగ్మూలం చెల్లదు, కొత్తది తీసుకుని పంపాలి, దాన్నిబట్టి తోవ సంగతి తేలుస్తాం అని. తీసుకోవలసింది నేనే. శిక్ష అనుకుని వేశారో, న్యాయం అనుకుని వేశారో తెలియదు.

వానకు తడిసిన ఇప్పలగూడెం బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాను. ఎదురుగా భీమక్క, పక్కన కోయ మాటలకు సాయంగా రూప్లా. ఆమె చెప్పింది, నేను రాశాను. రాసి, గట్టిగా చదివాను.

"కొండమీది దేవతకు మొక్కు చెల్లించుటకు గాను..."

"ఆగు," అంది. "మొక్కు ఎవరన్నరు? మేం మొక్కలే. చూపిచ్చి రానీకె."

కొట్టేసి రాశాను. మళ్ళీ చదివాను.

"ఏటా ఒక దినము..."

"ఒక దినమేంది? మామిడికొకపారి, కొత్త వడ్లకొకపారి, చిక్కుడుకాయకొకపారి."

కొట్టేసి రాశాను. అలా నాలుగుసార్లు అడ్డుపడింది. అయిదోసారి మొదటినుంచి చివరిదాకా చదివితే, కళ్ళు మూసుకుని విని, "అవ్. గిది నా మాట," అంది. అప్పుడు ఆఖరి వాక్యం రాశాను, అది కూడా చదివి వినిపించాను. వేలిముద్ర కోసం సిరా డబ్బీ ముందుకు జరిపాను.

ఆమె బొటనవేలు డబ్బీ మీద పెట్టి, అలాగే ఆగింది.

"గప్పుడు గిట్ల చదవలే గద సారూ."

"లేదమ్మా. చదవలేదు. తప్పు నాది."

"నాది ఒక్కదానిదేనా చదవంది?"

రూప్లా తల పక్కకు తిప్పుకున్నాడు. అవునని అనడానికి ఒక్క క్షణం చాలు. ఆమె నమ్మేది కూడా.

"కాదు," అన్నాను. "అందరివీ."

భీమక్క నన్ను తిట్టలేదు. నేను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. కాగితం మీద వేలిముద్ర వేసింది. వేలు కొంగుకు తుడుచుకుని లేచి, వానలోకి దిగింది.

"యాడికవ్వా?" అన్నాడు రూప్లా.

"పిల్చుకస్త," అంది.

కాసేపటికి గూడెంలోంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. మొదట ఒక ముసలాయన, ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్ళు, తరవాత నేను గుర్తుపట్టలేని ఇంకెవరెవరో. వరండా చూరు కింద నీళ్ళు కారుతున్న తలలతో బారులు తీరి నిలబడ్డారు. నాకిచ్చిన ఉత్తర్వులో ఉన్నది భీమక్క పేరు ఒక్కటే.

"కూర్చో తాతా," అన్నాను, కొత్త కాగితం తీసి. "అప్పుడు నువ్వేం చెప్పావు?"